నా పక్కన రాసిన పేరు

మా బడికి పోయిన వారం కొత్త బెంచీలు వచ్చాయి. లారీలోంచి దించి వరండాలో పేర్చిన రోజు నుంచి గదులన్నీ ఒకటే వార్నిష్ వాసన. పొద్దున మబ్బు పట్టి గాలి ఆడనప్పుడు వెనక మురికి నాలా మీదుగా కంపెనీల ఘాటు కూడా వచ్చి అందులో కలిసి, ఎనిమిదో తరగతి గదిలో అడుగు పెట్టగానే గొంతులో ఏదో అడ్డం పడినట్టవుతుంది. బెంచీలు ఇచ్చిన కంపెనీ వాళ్లు ఒక్కో బెంచీ వీపు మీద తమ పేరు ఎర్రరంగుతో రాయించుకున్నారు. మంచిదే, ఇచ్చారు కాబట్టి రాసుకున్నారు, నా చిరాకు వాళ్ల మీద కాదు. బెంచీలు వచ్చాయి కనుక ఏ పిల్ల ఎక్కడ కూర్చోవాలో చార్టు మీద గీసి, రంగులు దిద్ది, శనివారం తల్లిదండ్రుల సమావేశం నాటికి గోడకు అంటించాలని హెడ్మాస్టరు గారు హుకుం జారీ చేశారు. ఎనిమిదో తరగతికి క్లాసు టీచర్ని నేను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. నలభై నలుగురు పిల్లలు, పదిహేను బెంచీలు, బెంచీకి ముగ్గురు. కానీ పొట్టివాళ్లు ముందుండాలి, పొడుగువాళ్లు వెనకుండాలి, కళ్లద్దాల వాళ్లు బోర్డు దగ్గరుండాలి, చదివేవాళ్ల పక్కన చదవనివాళ్లుండాలి, వాగుడుకాయలు ఇద్దరు ఒకచోట పడకూడదు, దగ్గే పిల్లాణ్ణి నాలా వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టకూడదు. ఇవన్నీ కుదిర్చేసరికి ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, మా బాబును ఆ హిందీ పోరగాండ్ల నడుమ కూసోబెట్టకుండ్రి, ఆనికి వచ్చిన తెలుగు గూడ పోతది" అని ఒక తండ్రి. అదే మాటను కాస్త తీపి చేసి ఇంకో తల్లి వాట్సాప్‌లో పంపించింది. కంపెనీల్లో పనికి బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన వాళ్ల పిల్లలు నా తరగతిలో తొమ్మిది మంది ఉన్నారు. హెడ్మాస్టరు గారిని అడిగితే, "ఎందుకమ్మా లొల్లి, వాళ్లందర్నీ వెనక వరుసలో పెట్టెయ్యండి, వాళ్లకు వాళ్లు మాట్లాడుకుంటారు" అన్నారు. నాకు నచ్చలేదు. అయినా అట్లాగే రాశాను. పూజ అనే బీహారు పిల్లను చివరి బెంచీలో వేశాను.

నాలుగు చార్టులు పాడుచేసినా ఒక పేరు దగ్గర మాత్రం పెన్సిలు ఆగిపోతూనే ఉంది. ఆ పేరు అక్షిత. ఆ పిల్ల తల్లి బాలమణి నాతో అయిదో తరగతి దాకా చదివింది. అక్షితను ముందు బెంచీలో రాస్తే ఎవరినో బుజ్జగిస్తున్నట్టు ఉంటుంది, నడుమ రాస్తే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది, వెనక రాయడానికి చెయ్యి రాదు. నేను కూర్చోబెడుతున్నది ఆ పిల్లను కాదని, వాళ్లమ్మనని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి ముందు వరుసలో నడిమి బెంచీలో, సరిగ్గా బోర్డుకు ఎదురుగా రాశాను. శుక్రవారం గోడకు అంటించాక కూడా మనసు కుదుటపడలేదు.

మా ఊరు ఇక్కడికి దగ్గరే, గుమ్మడిదల దాటి కొంచెం లోపలికి పోవాలి. అప్పట్లో పటాన్‌చెరు వైపు ఆకాశం రాత్రిళ్లు ఎర్రగా కనిపించేది తప్ప మా ఊళ్లోకి కంపెనీలు ఇంకా పూర్తిగా రాలేదు. ఊరి పొలిమేరలో రెండే గేట్లు, రెండే పొగ గొట్టాలు. మిగతాదంతా జొన్న చేలు, మక్క చేలు, చెరకు తోటలు, గుట్ట మీద సీతాఫలం పొదలు. వానలు పడ్డ రెండు నెలలకు బడి నుంచి వచ్చే దారంతా మక్క కంకులు కాల్చే పొగ. నిప్పుల మీద గింజలు చిటపటమంటుంటే చేతులు కాల్చుకుంటూ ఊదుకుంటూ తినేవాళ్లం, ఇంటికి వచ్చేసరికి మూతులు నల్లగా ఉండేవి. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూల కోసం, గునుగు పూల కోసం పొద్దు పొడవకముందే గుట్ట కింద సాగు లేని పడావు భూములకు పరుగెత్తేవాళ్లం. సద్దుల నాడు మా అమ్మ జొన్నరొట్టెలు ముక్కలు చేసి, బెల్లం, నెయ్యి పోసి దంచి మలీద ముద్దలు కట్టేది. ఆ ముద్దను చేతిలో పట్టుకుని తింటుంటే వేళ్ల సందుల్లోంచి నెయ్యి కారి మోచేతి దాకా వచ్చేది, దాన్ని నాకడం కోసమే మెల్లగా తినేవాళ్లం.

మా బడి రెండు గదుల పెంకుటిల్లు. కింద షాబాదు బండలు. చలికాలం పొద్దున ఆ బండల మీద కూర్చుంటే చలి వీపు దాకా పాకేది, ఎండాకాలం చల్లగా హాయిగా ఉండేది కానీ అప్పుడు బడి ఉండేది కాదు. అందుకని కూర్చోవడానికి ఎవరి సంచి వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకునే ఆనవాయితీ ఉండేది. కొందరివి యూరియా సంచులు, కొందరివి వడ్లు పోసే గోనెలు, ఒకరిద్దరు పాత దుప్పటి ముక్కలు తెచ్చేవాళ్లు. సంచి ఎక్కడ పరిస్తే అదే చోటు. ఇవాళ కిటికీ పక్కన, రేపు గోడ పక్కన, కొట్లాడుకుంటే మూలకు. సారు వచ్చేసరికి ఎవరు ఎక్కడ పరుచుకున్నారో అదే ఆ రోజుకు లెక్క. చార్టులు లేవు, రంగులు లేవు, నా ప్రాణానికి ఈ హైరానా లేదు.

మా ఇంటి నుంచి నాకిచ్చింది పాత గోనెసంచి. మాకు పొలం ఉంది, బావి ఉంది, రెండు జతల ఎడ్లు ఉన్నాయి, మనుమరాలికి మంచి సంచి ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచలేదు. దాని పీచు తొడలకు గుచ్చుకుని ఒకటే దురద. నేను గోక్కుంటూ లేస్తూ కూర్చుంటూ ఉంటే ఒకరోజు పక్కనున్న పిల్ల తన సంచిని రెండు చేతులతో నా వైపు జరిపి, "గా కంప మీదెందుకు కూసుంటవే, ఇగో గిట్ల రా" అంది. ఆ పిల్ల బాలమణి. వాళ్ల నాయన కంపెనీలో లారీలకు బస్తాలు ఎత్తే హమాలీ. అక్కడి నుంచి తెచ్చిన సంచి అది, తెల్లగా, మందంగా, నీలం గీతతో, ఇద్దరు కాళ్లు మడుచుకుని కూర్చున్నా ఇంకా పలక పెట్టుకునేంత చోటు ఉండేంత వెడల్పు. వాళ్లమ్మ దాన్ని మూడు నీళ్లల్లో ఉతికినా ఏదో చేదు మందుగోళీ వాసన పోలేదు. అట్లాంటి సంచులు కంపెనీలో పనిచేసే ప్రతి ఇంట్లో ఉండేవి. వాటి మీదే మిరపకాయలు ఎండబెట్టేవాళ్లు, వాటిల్లోనే పప్పులు పోసుకునేవాళ్లు, చిన్నపిల్లల్ని పడుకోబెట్టేవాళ్లు. వాటిల్లో ఏం వచ్చిందో, ఉతికితే పోతుందో పోదో మాకు చెప్పినవాడు లేడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది కానీ అప్పుడు ఆ సంచి మీద చోటు దొరకడం నాకు పెద్ద వైభోగం.

మూడో తరగతి నుంచి అయిదో తరగతి దాకా నేను ఆ సంచి మీదే కూర్చున్నాను. నా గోనెను బడి బయట జామచెట్టు కొమ్మకు వేలాడదీసి, ఇంటికి పోయేటప్పుడు తీసుకుని పోయేదాన్ని. సీతాఫలాల కాలంలో బాలమణి గుట్ట మీద కోసిన పచ్చికాయల్ని జొన్నచొప్పలో మాగేసి, ఒక్కొక్కటే లంగా ఒడిలో పెట్టుకుని తెచ్చేది. కాయను మధ్యకు విరిస్తే తెల్లటి గుజ్జు వేళ్లకు అంటుకునేది, గింజలు ఎవరు ఎక్కువ దూరం ఉమ్మితే వాళ్లు గెలిచినట్టు. నేను అటుకులు, సకినాలు, నాయినమ్మకు కనపడకుండా చెక్కుబెల్లం తెచ్చేదాన్ని. సంచి మీదే ఇద్దరం పంచుకు తినేవాళ్లం. దానికి లెక్కలంటే భయం, నాకు పాటలు రావు. దాని ఎక్కం నేను అప్పజెప్పించేదాన్ని, బతుకమ్మ పాట అది నాకు నేర్పించేది. తీరిక వేళల్లో బండల మీద కచ్చకాయలు ఆడితే మాత్రం అది ఒక్కసారీ నన్ను గెలవనియ్యలేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మా ఇల్లు ఊరి నడుమ, బాలమణి వాళ్లది కిందివాడ. వాళ్లమ్మ మా చేలల్లో కలుపుకు వచ్చేది, మా వాకిట్లో ఎడంగా నిలబడేది, మంచినీళ్లు అడిగితే మా అమ్మ చెంబుతో ఎత్తి దోసిట్లో పోసేది. వాళ్ల బతుకమ్మ వాళ్లు కుంట గట్టున ఆడుకునేవాళ్లు, మా బతుకమ్మ హనుమాండ్ల గుడి ముందు. ఇది తప్పని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు, ఒప్పని కూడా ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, అట్లా నడిచిపోయేది. బడిలో నేనెక్కడ కూర్చుంటున్నానో మా ఇంట్లో తెలియకపోవడానికి కారణం ఒక్కటే, మా ఇంటి నుంచి ఎవరూ ఏనాడూ బడి గడప తొక్కలేదు. సంచి మీద ఎవరెవరు కూర్చున్నారని ఎక్కడా రాసి లేదు, అందుకని అడిగేవాళ్లూ లేరు.

నాయినమ్మ గురించి చెడ్డగా చెప్పడానికి నాకు నోరు రాదు. నన్ను పెంచింది ఆమే. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, తమలపాకుకు సున్నం రాసుకుంటూ, ఊళ్లో ఎవరి బర్రె ఈనింది, ఎవరింట్లో పొయ్యి ఆలస్యంగా అంటుకుంది, అన్నీ కనిపెడుతూ ఉండేది. శనివారం నా తలకు గోరువెచ్చటి నూనె పెట్టి, మెడ నరాలు నొక్కుతుంటే నాకు నిద్ర వచ్చేది. అన్నం ముద్దలో నెయ్యి పోసేటప్పుడు నేను ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అంటే మా అమ్మ కసిరినా ఆమె మాత్రం పోసేది. ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. మా నాయన కూడా ఆమె ముందు బీడీ ముట్టించేవాడు కాదు.

అయిదో తరగతిలో, దసరా సెలవులకు కొంచెం ముందు, బడికి బెంచీలు వచ్చాయి. పొలిమేరలో ఉన్న కంపెనీ వాళ్లు ఇచ్చారు. తొమ్మిదంటే తొమ్మిది బెంచీలు, అన్నీ మా అయిదో తరగతికే. మేం ముప్పై ఒక్క మందిమి. బెంచీకి ముగ్గురు చొప్పున ఇరవై ఏడు మంది పడతారు, నలుగురు మిగులుతారు. మా విఠల్ సారు సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. చొక్కా జేబు చుట్టూ ఎప్పుడూ సుద్దపొడి, చేతిలో బెత్తం ఉండేది కానీ దానితో పటం మీద ఊళ్లు చూపించడమే తప్ప ఎవర్నీ కొట్టింది లేదు. ఆయన సాయంత్రమంతా కూర్చుని ఒక పద్ధతి ఆలోచించాడు. ప్రతి వారం నలుగురు కింద కూర్చోవాలి, వారం మారితే మనుషులు మారాలి, అందరికీ వంతు రావాలి. ఏ వాడ పిల్లలు ఆ వాడ పిల్లలతో గుంపు కట్టకుండా కలిపి రాశాడు. మొదటి బెంచీలో నేను, బాలమణి, పుల్లయ్య గారి వసంత. మొదటి వారం కింద కూర్చునే నలుగురిలో కోమటోళ్ల రాజేశ్వరి ఉంది. "అక్షరాలు గుండ్రంగ రాస్తవు గద సునీతా, ఇంటికి తీసుకపోయి పెద్ద కాగితం మీద మంచిగ రాసుకరా" అని ఆ చిత్తు కాగితం నాకిచ్చాడు. మంచి మనిషే. కానీ ఆ కాగితాన్ని ఒక పిల్ల చేతికిచ్చి ఇంటికి పంపడమేమిటి, ఆ ఊళ్లో అన్నేళ్లు పనిచేసిన మనిషికి అంత మాత్రం తెలియదా అని ఇప్పటికీ నాకు ఆయన మీద కోపం వస్తుంది.

నేను వాకిట్లో కాగితం పరిచి, స్కేలు పెట్టి గళ్లు కొట్టి, ఎర్ర సిరాతో గీతలు, నీలం సిరాతో బెంచీల నంబర్లు, పేర్లు పెన్సిలుతో రాశాను. సారు చూశాక పేర్ల మీద సిరా దిద్దుదామని. నాయినమ్మ అరుగు మీది నుంచి చూస్తూ ఉంది. ఆమెకు చదువు రాదు, నా రాత చూసి మురిసిపోయి, "ఎవలెవలు యాడ కూసుంటరో జెర సదువు బిడ్డ, ఇంట" అంది. నేను ఏ పేరైనా చదవొచ్చు. రాజేశ్వరి అని చదివితే ఆమెకు తెలిసేది కాదు. పదేళ్ల పిల్లకు ఆ తెలివి లేకపోయింది, పైగా నా అక్షరాల మీద నాకే గర్వం. గొంతు సవరించుకుని మొదటి బెంచీ, సునీత, బాలమణి, వసంత అని పాఠం అప్పజెప్పినట్టు చదివాను.

"ఏ బాలమణి?" అంది నాయినమ్మ.

"గా హమాలీ నర్సయ్య బిడ్డ."

ఆమె నోట్లో ఆకు నమలడం ఆగిపోయింది. గట్టిగా అరవలేదు, అరిస్తే బాగుండేది. "కింద కూసున్నప్పుడు ఎవలు యాడ కూసుంటె ఏంది గని, ఒక్క బల్ల మీద రాసి గోడకు పెట్టుకుంటరా? ఇంకెవలన్న రాయి" అంది. నేను సారు రాశాడన్నాను. "సారు ఊరోడు కాదు, నువ్వు ఊరోళ్ల పిల్లవు. తుడువు" అంది. లోపలి నుంచి మా అమ్మ వచ్చి చూసి, మళ్లీ లోపలికి పోయింది. మా నాయన ఎడ్లకు కుడితి పెడుతూ వినీ విననట్టు ఉన్నాడు. నేను రబ్బరు తీసుకుని తుడిచాను. బాలమణి అన్న పేరు మీద ఎంత రుద్దినా బా అక్షరం పోక, కాగితం పీచు లేచింది. దాని మీద రాజేశ్వరి అని రాశాను. రాజేశ్వరి ఉన్న చోట, కింద కూర్చునే నలుగురిలో, బాలమణి అని రాశాను.

మర్నాడు సారు ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇంట్ల చూసిండ్రా?" అని అడిగాడు. చూసిండ్రు సార్ అన్నాను. ఆయన మొహంలో ఏముందో నాకు తెలియలేదు, ఇప్పుడు మాత్రం తెలుసు. మైదాపిండి ఉడికించిన జిగురుతో ఆ కాగితాన్ని గోడకు అంటించాడు. బాలమణి గోడ దగ్గరికి వచ్చి పేరు వెతుక్కుంది. "నీ పక్కన లేనేందే సునీ?" అంది. "సారే గట్ల రాసిండు" అన్నాను. "వారమేనట గద" అని అది వెళ్లి సారు టేబుల్ పక్కన తన సంచి పరుచుకుంది. మిగతా ముగ్గురు వాళ్ల సంచుల మీద కూర్చున్నారు. దాని సంచి వెడల్పు కనుక సగం ఖాళీగా ఉండేది. బెంచీ మీది నుంచి నాకు ఆ ఖాళీ కనపడుతూ ఉండేది. వారం అయింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు కిందికి దిగేది లేదన్నారు, ఇళ్ల నుంచి కబుర్లు వచ్చాయి, సారు ఒకటి రెండు సార్లు గట్టిగా మాట్లాడి ఊరుకున్నాడు. కంపెనీ వాళ్లు పంపుతామన్న మిగతా బెంచీలు రాలేదు. దసరా సెలవులు ఇచ్చారు. సెలవుల తర్వాత బాలమణి బడికి రాలేదు.

వాళ్లమ్మకు కాన్పు అయిందని, చిన్నపిల్లను చూసుకోవడానికి మానేసిందని అందరూ అన్నారు. నేనూ అదే నమ్మాను, నమ్మడం నాకూ సుఖంగానే ఉండింది. ఆ తర్వాత నేను హైస్కూలు, ఇంటరు, డిగ్రీ సంగారెడ్డిలో చదువుకున్నాను, బి.ఇడి. చేశాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయి పటాన్‌చెరులో కాపురం పెట్టాను. ఇన్నేళ్లలో ఆ కాగితం గుర్తుకొచ్చినప్పుడల్లా నేను ఒక లెక్క చెప్పుకునేదాన్ని. రాయించింది నాయినమ్మ, ఊరుకున్నది అమ్మానాన్నలు, అంటించింది సారు. నేను చిన్నపిల్లను, నాది చెయ్యి మాత్రమే. ఒక అబద్ధం ఆడాను, అంతే. బదిలీ మీద ఈ బడికి వచ్చి, రిజిస్టరులో అక్షిత తల్లి పేరు బాలమణి అని చూసినప్పుడు ఆ వరుస మీద వేలు పెట్టి ఊరి పేరు కూడా సరిచూసుకున్నాను. ఏడాదిగా ఆమె ఎదురుపడితే ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

శనివారం వచ్చింది బాలమణి. మొదటి షిఫ్టు దిగి అట్నుంచి అటే వచ్చింది, మెడలో కంపెనీ బ్యాడ్జి, చేతిసంచిలో మడత పెట్టిన నీలం కోటు. ఒళ్లు చేసింది, ముందటి వెంట్రుకలు నెరిశాయి. "నమస్తే మేడం" అంది. నేను చెయ్యి పట్టుకుందామని లేచాను, ఆమె రెండు చేతులూ దండంలోనే ఉన్నాయి. తడబడి చార్టు చూపించాను. "అక్షిత ఇగో, ముందు బెంచీల రాసిన. నడుమ, బోర్డుకు ఎదురుంగ."

ఆమె చార్టును పై వరుస నుంచి కింది వరుస దాకా మెల్లగా కూడబలుక్కుంటూ చదివింది. చివరి బెంచీ దగ్గర వేలు పెట్టింది. "పూజ ఈడ ఉన్నది. మా పిల్లను గూడ ఈడనే రాయుండ్రి మేడం. నిన్న పొద్దుమీకి సంది ఒకటే ఏడుపు. ఇద్దరు దోస్తులు, ఒక్క టిఫిన్ల తింటరు. ఆ పిల్లకు తెలుగు ఇంక సక్కగ రాదు, ఇది చెప్తది."

"ముందుంటె మంచిగ వినవడుతది గద, నేను కావాల్నని..."

"ముందుకు ఎవలడిగిండ్రు మేడం?"

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే నేను తట్టుకునేదాన్ని. అప్పుడిక ఆగలేక చెప్పేశాను, ఏడాదిగా కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "బాలమణీ, అయిదో తరగతిల ఆ కాగితం సారు రాయలే. నేనే మార్చి రాసిన. మా నాయినమ్మ..."

"ఎరికె మేడం. సారును అడుగుతే గప్పుడే చెప్పిండు, సునీత రాసిందని." ఆమె చీర కొంగు సర్దుకుంది. "మిమ్మల్ని గూడ అడిగిన గద. బతుకమ్మ పూలకు పోయినప్పుడు, గుట్ట కింద తంగేడు చెట్లకాడ. ‘నీ పక్కన కూసుంటె నాకే సిగ్గయితది, గందుకే తీసేసిన’ అన్నరు మీరు. మీ నాయినమ్మ మాట ఏం చెప్పలే."

నేనా, అన్నాను.

"మీరే. గా దినం సంది నాకే రాబుద్ది కాలే. సారు ఇంటికొచ్చి పిలిచె, మా అవ్వ కొట్టె, అయినా రాలే." నా మొహం చూసి ఆమెకే జాలేసినట్టుంది. "పిల్లతనం మేడం, ఇడిసిపెట్టుండ్రి. జెర ఆ పూజ పక్కన రాయుండ్రి సాలు. నీళ్ల ట్యాంకరు వచ్చే యాళ్లయింది, పోతున్న" అని మళ్లీ దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అక్షిత పేరు చివరి బెంచీలో పూజ పక్కన రాశాను. అంతటితో ఆగబుద్ధి కాక, వెనక వరుసలో కుప్ప పోసిన మిగతా పిల్లల్ని కూడా తీసి, వాళ్లు ఎవరితో తింటారో, ఎవరితో ఆడుకుంటారో బడి ఆవరణలో ఆడుకుంటున్న అక్షితనే పిలిచి అడిగి, వాళ్ల పక్కన రాశాను. హెడ్మాస్టరు గారు విసుక్కున్నారు. సోమవారం నుంచి ఫోన్లు వస్తున్నాయి, రానీ.

నన్ను తినేస్తున్నది అది కాదు. మా ఊళ్లో ఇప్పుడు ఆ గుట్ట లేదు, సగం తవ్వేశారు. తంగేడు చెట్లున్న పడావు భూముల్లో రేకుల గోదాములు లేచాయి. కుంటలో కాలు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, పెంకుటింటి బడి కూలిపోయింది, నాయినమ్మ పోయింది, విఠల్ సారు ఎక్కడున్నాడో తెలియదు. ఇవన్నీ పోయినా నా దగ్గర ఉన్నాయనుకున్నాను. ఆ ఏడు ఎన్ని వానలు పడ్డాయో, ఏ చెట్టు సీతాఫలం తియ్యనో, మలీద ముద్దలో అమ్మ ఏలకులు ఎన్ని వేసేదో, రబ్బరు కింద కాగితం పీచు ఎట్లా లేచిందో, అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. తంగేడు చెట్ల దగ్గర బాలమణి నా ఎదురుగా నిలబడి అడిగిన పొద్దు మాత్రం, మూడు రోజులుగా ఎంత వెతికినా, ఒక్క ముక్క దొరకడం లేదు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. ఆ మాట నేను అనే ఉంటాను. అని, ఒడి నిండా పూలు కోసుకుని, ఇంటికి వచ్చి బతుకమ్మ పేర్చి ఉంటాను.